నూరు బస్తాలకు అలికిన అర్ర

మొన్న బేస్తారం నాడు మా యారాలు అనసూయ ఇంటికొచ్చింది. మా మరిది పెండ్లాం. తన మనుమరాలి పెండ్లి పత్రిక ఇయ్యనీకి వచ్చింది. నేను అరుగు మీద కూసొని చింతపండు గింజ తీస్తున్న. ఆటో దిగంగనే నా కండ్లు ముందుగాల యాడికి పొయినయంటే ఆమె మెడకు. పుస్తెలతాడు, దాని మీద రెండు పేటల గుండ్లు. తర్వాత కాళ్ళకు పొయినయి. మట్టెలు. ఈ వయసుల దాపెట్టుడెందుకు? ఆమెను జూస్తే నాకు కండ్లమంట. తోటల కాలం నుంచి ఉన్న మంట. నా పెనిమిటి సచ్చినంక తగ్గుతదనుకున్న, ఇంకింత ఎక్కువైంది, ఎందుకంటే ఆమె పెనిమిటి ఉన్నడు. మా కోడలు పత్రిక సదివింది. పెండ్లి శామీర్‌పేట తొవ్వల ఉన్న ఫంక్షన్ హాల్ల అని. ఆ పేరు ఇనంగనే చింతగింజ నా గోటి సందుకు గుచ్చుకున్నది. ఆ హాలు లేసింది మా తోట జాగ మీద. నాకు సంతకం తప్ప సదువు రాదు. నేను చెప్తాన, మా మనుమరాలు రాస్తాంది. రాయి బిడ్డా, మీ తాతను తిట్టినకాడ గూడ ఆపకు.

గప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాంక యాడ జూసినా ద్రాక్ష పందిర్లే. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు గుంజి, దాని మీద ద్రాక్ష తీగె పారిచ్చి, కింద నడుస్తుంటే పట్టపగలు గూడ పొద్దుమీకినట్లే ఉండేది. అన్నదమ్ములకు చెరి రెండెకరాలు. నడుమ కంచె లేదు, నీళ్ళ కాల్వ ఒక్కటి. ఈ ఒడ్డు మాది, ఆ ఒడ్డు వాళ్ళది. సున్నం, మైలుతుత్తం కలిపిన నీలం మందు కొట్టిన దినాలల్ల మా ఇంట్ల అందరి గోర్లు నీలమే, చీర కొంగులు నీలమే, మాపటికి తానం జేసినా ఆ చిరు చేదు వాసన తలెంటికల్లకెళ్ళి పోయేది కాదు. మా అత్తమ్మ దవడకు పొగాకు పెట్టుకొని, పందిరి కింద నులక మంచమేసుకొని, కాయ పట్టినకాడికెళ్ళి తెంపేదాంక గులేరు పట్టుకొని కూసునేది. పిట్ట వాలిందంటే రబ్బరు గుంజి రాయి కొట్టేది. ఒక్కనాడు పిట్టకు తగలంగ నేను జూడలే గని, మా ఆయన వీపుకు మాత్రం రెండు మూడుసార్లు తగిలింది. "నువ్వు గూడ పిట్టవేరా, తోటల తిరుగుడు తప్ప పనేముంది" అనేది.

పూత రాలి కాయ జొన్న గింజంతైనప్పుడు పట్నం నుంచి ఖాదర్ సాబు వచ్చేటోడు. పండ్ల మార్కెట్ల వ్యాపారం. తోటలు గుత్తకు పట్టేటోడు. గుత్త అంటే కాయ ఇంక గట్టిపడకముందే, మొత్తం తోట పంటకు ఒక ధర మాట్లాడుకునుడు. తర్వాత వాన పడనీ, ఎండ కొట్టనీ, బజార్ల ధర లేవనీ, పడనీ, ఆ మాట మాటే. ఆయన చేతులు ఎనక్కు కట్టుకొని, మెడ మీదికెత్తి, పందిరంతా ఒక చుట్టు తిరిగేటోడు. తర్వాత మా మరిదితోని ఎదురెదురు కూసునేటోడు. ఇద్దరి చేతుల మీద ఒక రుమాలు. రుమాలు కింద వేళ్ళు పట్టుకొని బేరం. నోటికెళ్ళి ఒక్క ముచ్చట రాదు. పక్కకు నిలవడ్డోళ్ళకు ఏం తెల్వదు. అనసూయకు మాత్రం తెలుస్తుండె. మొగని భుజం జూసి చెప్పేది. భుజం దిగిందంటే దగ్గరి బేరమని, లోపలికి పోయి ఛాయ్ పెట్టేది. ఆమె పదో తరగతి పాసు. పేపర్ల ధరలు సదివేది. ఆమె తలూపితేనే మరిది రుమాలు తీసేటోడు. బయానా చేతుల పడేది.

మా ఆయన ఒప్పుకునేటోడు కాదు. "పూత మీద అమ్ముకునుడంటే కడుపుల బిడ్డను అమ్ముకునుడే" అనేటోడు. కాయ పండాలె, తెంపాలె, గంపల పెట్టాలె, నేనే తోల్కపోవాలె, ఆనాటి ధర నేనే జూడాలె అనేటోడు. కొన్నేండ్లు మాకు మస్తు మిగిలింది. గుత్తకిచ్చినోళ్ళ కంటే ఎక్కువ మిగిలింది. గసొంటి ఏడు నేను కొత్త చీర కట్టుకొని, అవసరం లేకున్నా కాల్వ దాటి పోయి, "అనసూయా, జర చారెడు చక్కెరుందా" అని అడిగేదాన్ని. ఆమె చీర జూసేది. "మంచిగుందక్కా, నీకు రంగు ఒప్పింది" అనేది. గంతే. ఆ మాటల మంట ఎతికేదాన్ని. దొరికేది కాదు. చక్కెర మాత్రం దొరికేది.

ఇంకో ఏడు, తెంపుడుకు వారం ఉందనంగ, మబ్బు పట్టింది. నేను పందిరి కింద అటు ఇటు తిరుగుతున్న. మా ఆయన ఆకాశం దిక్కు జూసి తిడుతున్నడు. కాల్వ అవతల అనసూయ పగటీలి అన్నం తిని, కొంగు తల కింద పెట్టుకొని, పందిరి కిందనే పండుకున్నది. గురక గూడ పెడ్తాంది. రాళ్ళ వాన పడ్డది. పండ్లన్ని పగిలినయి. మూడొద్దులల్ల తోటంతా పుల్లటి కల్లు వాసన, ఎటు జూసినా తేనెటీగలు. వాళ్ళ తోట గూడ అట్లనే పొయింది. గని అది ఆమెది కాదు గదా! ఖాదర్ సాబు నెత్తికి చేతులు పెట్టుకొని నడుమల నిలవడ్డడు. అనసూయ ఆయనకు ఛాయ్ ఇచ్చి, "కూసో సాబు, అల్లా ఉన్నడు" అన్నది. ఆమె బంగారం గురించి ఊర్ల ఆడోళ్ళు ఏడ్చేటోళ్ళు. నేను మాత్రం ఆ పగటి నిద్ర గురించి ఏడ్చిన. మబ్బు కింద గురక పెట్టే భాగ్యం నాకెందుకు లేదని.

తర్వాత బోర్లు ఎండినయి. తీగెలు ఎండినయి. రాతి కడీలు పీకి ప్లాట్లకు హద్దులు పాతిండ్రు. అన్నదమ్ములిద్దరు చెరొక ఎకరం అమ్మిండ్రు. మా మరిది ఆ పైసలతోని అనసూయ తమ్ములతోని కలిసి వాళ్ళ ఊర్ల, నిజామాబాద్ దిక్కు, పసుపు పెట్టిండు. మా ఆయన మాత్రం తెల్ల అంగి ఏసుకొని పొద్దుగాల్నే మేడ్చల్ బజార్కు పోవుడు మొదలువెట్టిండు. ఇనుప సామాన్ల దుకాణం మీద, మేడ మీద, కంప్యూటర్లు పెట్టిండ్రట. ఒకసారి నేను గూడ పోయిన, టిఫిన్ మర్సిపోయిండని. పది మంది మొగోళ్ళు కుర్చీలల్ల కూసొని తెర దిక్కు జూస్తున్నరు, కండ్లు ఆర్పుతలేరు. తెర మీద ఏముందయ్యా అని అడిగితే, పసుపు, మిర్చి, జీర, ధనాల ధరలట. "మా ఇంట్ల పోపుల డబ్బ లెక్కనే ఉంది గదనయ్యా, ఇది జూడనీకి ఇంత దూరం వచ్చినవా" అన్న. అందరు నవ్విండ్రు. మా ఆయనకు కోపమొచ్చి టిఫిన్ గుంజుకున్నడు.

ఆ దసరకు ఆయన కుషీగ ఇంటికొచ్చి, "ఏమే, నూరు బస్తాల పసుపు కొన్న. ఏప్రిల్ వాయిదా" అన్నడు.

"వాయిదాల మీద ఇచ్చిండ్రా? నెల నెల కట్టాల్నా?"

"గా వాయిదా కాదే. ఏప్రిల్ల ధర ఎంతుంటదో గిప్పుడే మాట్లాడుకునుడు. గుత్త లెక్కనే. ఇప్పుడు నేను ఖాదర్ సాబును. భూమిల ఉన్న పసుపుకు ధర చెప్పిన. ఏప్రిల్ వరకు ధర లేసిందనుకో, లేసినంత నాది."

"పడితే?"

"పడదు."

"పడితే అంటాన?"

"పడితే పడ్డంత నేనే కట్టాలె. గని పడదే. నిరుటి సరుకు లేదు అంటాండ్రు."

గిది ఆయన చెప్పిన ముచ్చట. నా బుర్రకెక్కింది ఏందంటే, నూరు బస్తాల పసుపు మాది, ఏప్రిల్ల ఇంటికొస్తది. వాయిదా అంటే నాకు తెలిసింది కోర్టు వాయిదా. మా బాట పంచాయితి మేడ్చల్ కోర్టుల ఎన్నేండ్లు నడిచిందో! పోయినప్పుడల్లా వాయిదా. ఏనాడు ఎవ్వరు గెలువలే, ఎవ్వరు ఓడలే. గందుకని వాయిదా అన్న మాటకు నాకు భయమే లేకుండె. ధర పడితే ముందలికి ఏయిస్తరు గదా అనుకున్న. కాయిదం మీద కొన్న పసుపు కాయిదం మీదనే అమ్ముకుంటరని, బస్తా మొకం జూడకుండనే లాభం, నష్టం పంచుకుంటరని, నాకు చెప్పినోడు లేడు. బాయిల నీళ్ళున్నయంటే చేదుకునుడే తెలుసు గని, నీళ్ళు రేపు ఎంత లోతుంటయో పందెం కాసుడు నాకేం తెలుసు?

సలికాలమంతా ధర లేసింది. ఆయన ఇంకిన్ని బస్తాలు కొన్నడు. ఆ కంప్యూటర్ల దుకాణంల పెట్టేది బయానా లెక్క కొంతనేనట, మొత్తం కట్టనవసరం లేదట. శివరాత్రి దాటంగనే నేను ఎనక అర్ర పట్టిన. అండ్ల పాత గంపలు, మందు కొట్టే డబ్బలు, అత్తమ్మ గులేరు గూడ ఉండె, ఆమె అప్పటికే పొయింది. అన్ని బయటేసిన. గోడలకు ఎర్రమన్ను పూసిన. పెండతోని మూడుసార్లు అలికిన. మూలలల్ల ఏపాకు పోసిన, పురుగు పట్టొద్దని. ఎలుక బొక్కలు సీసపెంకులు కొట్టి మూసిన. గడపకు ముగ్గేసిన. పసుపంటే లచ్చిమి గదా, వస్తాంటే ఇల్లు ఎట్లుండాలె! ఆయన అడిగిండు, "ఏం జేస్తున్నవే?" అని. "నీ పసుపుకు జాగ జేస్తున్న" అన్న. ఆయన నోరు తెరిచిండు, మళ్ళ మూసుకున్నడు. ఏం ఆలోచించిండో. ఆనాడు నవ్వినా అయిపోయేది. నవ్వలే. ఆ అలికిన అర్ర జూసి ఆయనకు గూడ నిజంగ బస్తాలు వస్తున్నయనిపిచ్చిందేమో అని నేను ఇయ్యాల అనుకుంట.

బస్తాలు నేల మీద పెడితే చెమ్మ పడ్తది. కింద ఎదురు తడకలు పరవాలె. మాకు లేవు, అనసూయ దగ్గరున్నయి. పోయి అడగనీకి సాకు దొరికింది గదా! నడుముకు చెంగు బిగిచ్చి పోయిన.

"అనసూయా, నీ తడకలు జర ఇయ్యవే. బస్తాల కింద ఏసుకుంట."

"ఏం బస్తాలక్కా?"

"పసుపు."

"పసుపా? బావ పసుపు కొన్నడా? ఎన్ని?"

"నూరు. ఇంకా వస్తయట. ముందు ముందు ధర మస్తు లేస్తదట. గందుకే ఇంట్లనే దాస్తున్నం."

దాస్తున్నమని ఎవ్వరు అనలే. నా నోరే అన్నది. అనసూయ మొకం వాడింది. చేతిల చాట ఉండె, చాటల బియ్యం ఉండె, ఏరుడు ఆపింది. ఏండ్లకేండ్లు ఎతికిన మంట ఆనాడు ఆమె కండ్లల్ల దొరికింది నాకు. నా కడుపు సల్లవడ్డది. తెల్లారి తడకలు తనే మోసుకొచ్చింది. గడప దగ్గర నిలవడి అర్రంత జూసింది. ఎర్రమన్ను, ఏపాకు, ముగ్గు. నీళ్ళు గూడ తాగలే. ఆమె పోయినంక నేను ఆ తడకల మీద కూసొని నవ్వుకున్న.

ఉగాదికి కొత్త పసుపు బజార్లకు దిగింది. ఎన్నడు రానంత దిగిందట. ధర పడ్డది. తెల్లారి ఇంకింత పడ్డది. జాగ కొన్నప్పుడు బయానా ఒక్కసారిస్తే మళ్ళ రిజిస్ట్రేషన్ దాంక ఎవ్వడు అడగడు. గీ బజార్ల అట్ల కాదు. ఏ రోజు లెక్క ఆ రోజే. ధర ఎంత పడ్డదో అంత, పొద్దుమీకంగనే ఫోన్ జేసి కట్టుమంటరు. కట్టకుంటే మనది వాళ్ళే అమ్మేస్తరు. మా ఆయన ఫోన్ మోగంగనే వాకిట్లకు పోయి మాట్లాడేటోడు. "పడితే వాయిదా ఏయించయ్యా" అన్న నేను. ఆయన నా దిక్కు గట్ల జూసిండు, ఇప్పటికి మర్సిపోలే. అట్ల గూడ జేసిండు. ఏప్రిల్‌ది అమ్మి, మే నెలది కొన్నడు. ధర మాత్రం మే నెలల గూడ పడ్డది. మిగిలిన ఎకరం తోట జాగ, శామీర్‌పేట తొవ్వల ఉన్నది, పొయింది. ఒక్క బస్తా మా గడప తొక్కలే. తడకలు పరిచినయి పరిచినట్లే ఉన్నయి. రెండేండ్లకు ఆయన గుండె ఆగింది. పసుపు వల్లనే అని నేను అనను, డాక్టర్ గూడ అనలే.

గని నేను ఒకటి అనుకున్న. ఎవ్వరికి చెప్పలే. ఆ బజార్ల ఒకడు కొన్నడంటే ఇంకొకడు అమ్మినట్లేనట, మా ఆయనే చెప్పిండు. కొన్నోని మొకం అమ్మినోడు జూడడు. మరి మాకు అమ్మింది ఎవరు? అనసూయ తమ్ముల పసుపు భూమిలున్నది. ఆమె గుత్తకిచ్చే అలవాటున్న మనిషి. పేపర్ సదువుతది. మేడ్చల్ దుకాణంల మరిది పేరు గూడ ఉందని ఇన్న. ఇంకేముంది! ద్రాక్షల ఖాదర్ సాబుకు అంటగట్టినట్లే, పసుపుల మాకు అంటగట్టింది. మా జాగ పోతుంటే ఆమె కొంగు తల కింద పెట్టుకొని పండుకున్నది. గిది నా లోపల గట్టిపడ్డది. పలుకరిస్తే పలికిన, పిలిస్తే పోయిన, లోపల మాత్రం ఆ గురక ఇనుకుంటనే ఉన్న.

మొన్న పత్రిక ఇచ్చినంక, పోతాంటే, మా కోడలు ఆచారం ప్రకారం అనసూయ కాళ్ళకు పసుపు రాసింది. బొట్టు పెట్టింది. నాకు ఎవ్వరు రాయరు గదా ఇగ. నేను పక్కకు కూసొని ఆ పచ్చటి పాదాలు జూస్తున్న. నాకు ఆగలే.

"ఒకటి అడుగుత, నిజం చెప్తవా?"

"అడుగక్కా."

"ఆ ఏడు మాకు పసుపు అమ్మింది నువ్వేనా?"

మా కోడలు చేతిల పసుపు గిన్నె పట్టుకొని అట్లనే నిలవడ్డది. అనసూయ కొంగు సదురుకున్నది. "దసరకు అమ్మిన్నక్కా. తమ్ముల పంట మొత్తం. ఎవరు కొన్నరో దేవునికెరుక. గని ఉగాదికి నా దగ్గర ఆ బేరం లేదు."

"ఏమైంది?"

"నీ అర్ర జూసిన."

నాకు అర్థం కాలే. ఆమె చెప్పింది. "నూరు బస్తాలు దాస్తున్నమన్నవు. ఎలుక బొక్కలు గూడ మూసినవు. ఇంత జేస్తున్నరంటే బావకు పెద్ద వ్యాపారులెవరో చెప్పిండ్రనుకున్న. ధర ఇంకా లేస్తది, నేను జల్దీ అమ్మి ఆగమైన అనుకున్న. ఎనిమిదొద్దులు కండ్లు మూయలే అక్కా. మళ్ళ పోయి, నేను అమ్మినంత నష్టానికి తిరిగి కొనేసి, బేరం తెంపుకున్న. తర్వాత ధర పడ్డది. తమ్ముల పసుపు పడ్డ ధరకే పొయింది. మూడేండ్లు రాఖీకి చెయ్యి ఇయ్యలే వాళ్ళు నాకు."

"మరి చెప్పలేదేందే?"

"ఏం చెప్పాలె? మా అక్క అలికిన అర్ర జూసి ఓర్వలేక మునిగిన అని చెప్పుకోవాల్నా?"

ఇద్దరం నవ్వినం. ఆమె ముందుగాల నవ్వింది. కండ్లల్లకెళ్ళి నీళ్ళు కారేదాంక నవ్వినం. తర్వాత ఆమె, "ఏదక్కా, ఆ అర్ర ఇంకున్నదా, ఒకసారి జూస్త" అని లేసి లోపలికి పొయింది. ఇప్పుడు అండ్ల మనుమరాలి పుస్తకాలు, పాత కూలరు. పెండ లేదు, తెల్ల టైల్సు. గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల దిక్కు నుంచి వీస్తాంది, ఒకటే వాసన. ఆమె కిటికీ మూసింది. నడుమల నిలవడి, చుట్టు జూసి, "ఇండ్ల నూరు పట్టవక్కా, ఎనభై పడ్తయేమో" అన్నది. లెక్క జూసుడు ఆమెకు ఇంక పోలే.

ఆటో ఎక్కిచ్చి వచ్చిన. ఆ ఎనిమిదొద్దులు ఆమె నిద్రపోలేదని తెలిసి నా మంట సల్లారాలె గదా. సగం సల్లారింది. మిగిలిన సగం ఆమె ఆటో ఎక్కంగనే, ఊర్ల పత్రికలు పంచి వచ్చి లోపల కూసున్న మా మరిది జరిగి జాగ ఇచ్చి, "ఇంతసేపా?" అని కసిరిండు సూడు, ఆడనే ఉన్నది. నన్ను కసిరెటోడు లేడు. పెండ్లికి పోత. మా తోట మీద కట్టిన హాల్ల, ఎనక వరసల కూసొని తింట.

ఇంట్లకొచ్చి జూస్తే అర్రల టైల్సు మీద పసుపు పాదాలు. గడపకాడికెళ్ళి నడుమ దాంక, నడుమ నుంచి కిటికీ దాంక, మళ్ళ ఎనక్కు. ఎన్నో ఏండ్ల కింద నేను అలికి ఎదురుచూసిన అర్రలకు పసుపు వచ్చింది, వచ్చుడు గూడ ఆమె కాళ్ళతోనే వచ్చింది. కోడలు తడిబట్ట తెచ్చింది. నేనే తుడుస్త అని తీసుకున్న. మూడొద్దులాయె. బట్ట ఎండిపొయింది. ఇంకా తుడువలే.